గడప లేని గది

మా మేనత్త దుకాణంలోకి ఎవరు అడుగుపెట్టినా, కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఓ ప్రశ్న వచ్చి మీద పడుతుంది.

"ఒడ్డున మీకోసం ఎవరైనా ఎదురుచూస్తుంటారా?"

కొత్తగా పెళ్ళయిన జంటలైతే మొహమొహాలు చూసుకుంటారు. ఒక పెద్దాయన మాత్రం, "ఒడ్డున ఉన్నవాళ్ళ పోరు పడలేకేగదమ్మా ఓడెక్కుతానంటున్నది!" అని విసుక్కున్నాడు. అయినా అత్త వదల్లేదు. ఏ రేవులో ఎవరున్నారు, ఎంతసేపు కలవాలి, ఎలా నడుస్తారు, అన్నీ ఆరా తీసి, అప్పుడుగాని బ్రోషర్ తెరవలేదు. వచ్చినవాళ్ళకి ఇదంతా పోలీసు విచారణలా ఉంటుంది. ఒక్కావిడ మాత్రం ఏటా వాకర్ తోసుకుంటూ, అత్త బల్ల దగ్గర ఆగకుండా నేరుగా నా బల్ల దగ్గరికే వస్తుంది. ఆవిడ చిన్న ఓడ టికెట్టు నేనే తీయాలి. ఆ సంగతి చెప్పాలంటే ముందు అత్త సంగతి చెప్పాలి.

మా అత్త ఓడ ప్రయాణాలు అమ్ముతుంది. బట్టలుతికే దుకాణానికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ఒక్క గదే మా షాపు. గోడలనిండా ఓడల ప్లాన్లు, ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపించేవి. మామూలు ఇళ్ళల్లో తాతముత్తాతల ఫోటోలు ఉండేచోట మాకు మెట్లూ లిఫ్టులూ ఉంటాయి. వీధిలో అందరూ ఆవిణ్ణి ఓడలమ్మ అంటారు. ఆ ఓడలమ్మ జన్మలో ఓడెక్కలేదు. బస్సులో నాలుగు వీధులు తిరిగితేనే కడుపులో తిప్పే మనిషి ఓడేం ఎక్కుతుంది? పెళ్ళీ చేసుకోలేదు. ఏ సంబంధం వచ్చినా అబ్బాయి సంగతి వదిలేసి ఆ ఇంట్లో గదులెలా ఉన్నాయో అడిగేదని మా నాన్న ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఇదివరకు అత్త మొదటి ప్రశ్న వేరు. "ఎలా పడుకుంటారు?" అని అడిగేది. వెలుతురు ఉంటే నిద్రపట్టదంటే కిటికీ లేని లోపలి గది. చీకటి పడదంటే కిటికీ గది. మనసులో ఏదో బరువుతో వచ్చారని అనిపిస్తే బాల్కనీ గది. పొద్దున్నే కుర్చీ వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవచ్చని. కిటికీ ఉందని ఆశపడితే దానికి ఎదురుగా ప్రాణరక్షణ పడవ వేలాడుతూ ఉండే గదులు కొన్నుంటాయి. అవి ఎవరికి అంటగడతావు అని నేనడిగితే, "బయటికి చూడ్డం మానేసి ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళకి" అనేది.

ప్రయాణాలకీ అత్త పెట్టిన పేర్లున్నాయి. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చేది గానుగెద్దు ప్రయాణం. ఒక రేవులో ఎక్కించి మరో రేవులో దించేది వదిలేసిపోయే ప్రయాణం. రోజుకో ఊరు చూపించేది పరుగుల ప్రయాణం. నీళ్ళు తప్ప ఏమీ చూపించనిది నిద్ర ప్రయాణం. ఈ పేర్లు వినడానికే కొందరు వచ్చేవాళ్ళు. అయితే నిజం చెప్పాలంటే, ప్రయాణం ఎటు వెళ్తుందన్నది అత్తకి ఎప్పుడూ రెండో మాటే. గది కుదిరిందంటే ఇక ఓడ ఎటు పోయినా ఒకటే ఆవిడకి. డాన్సు హాలు కింద గది ఇవ్వకూడదు, వంటగది పక్కన ఇవ్వకూడదు, లిఫ్టు తలుపు చప్పుడు వినపడకూడదు. ఈ విషయాల్లో అత్త మాట తప్పిందని ఎవరూ అనలేదు. దాంతో కాస్త గర్వం కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో వచ్చింది ఎక్స్ఛేంజి పిన్ని.

మాకు చుట్టమేమీ కాదు. పక్క వీధిలో ఉంటుంది, మా వీధందరికీ పిన్నే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ట్రంకాల్స్ కలిపింది. ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. ఎవరి ఇంట్లోనైనా అలిగిన మొగుడూపెళ్ళాల మధ్య కూర్చోవలసివస్తే, "లైన్లో ఉన్నారు, మాట్లాడండి!" అని ఎక్స్ఛేంజి గొంతుతో అనేది. వాళ్ళకి నవ్వొచ్చేది, అలక సగం అక్కడే పోయేది. అత్తని చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి గనక ఆవిణ్ణి 'ఏమే, నువ్వు' అనే పిలిచేది. తుంటి ఎముకకి ఆపరేషన్ అయ్యాక నాలుగుకాళ్ళ వాకర్‌తో నడుస్తోంది.

ఆరోజు వాకర్‌ని గుమ్మంలో ఆపి, "ఏమే, నన్ను మా చెల్లి దగ్గరికి పంపుతావా?" అంది.

పిన్ని చెల్లెలు సముద్రానికి అవతలి గట్టున ఓ రేవు ఊళ్ళో ఉంటుంది. భర్తకి పక్షవాతం, మంచం దిగడు. ఆయన్ని వదిలి ఆవిడ ఊరు దాటలేదు. పిన్ని ఊపిరితిత్తులకి విమానం పడదని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకుని ఏళ్ళు గడిచిపోయాయి, ఫోన్‌లో గొంతులే మిగిలాయి. ఆ రేవులో ఓడ పొద్దున ఆగి సాయంత్రం బయల్దేరుతుంది. ఆ ఒక్క పగలు చెల్లెలింట్లో కూర్చుని రావాలని పిన్ని కోరిక.

"వాళ్ళ ఊరికి ఓ చిన్న తెల్ల ఓడ వస్తుందట. అందులో రమ్మంది మా చెల్లి," అంది పిన్ని.

అత్త ఆ చిన్న ఓడ ప్లాను చూసి పెదవి విరిచింది. "ఇది పాతకాలపు ఓడ పిన్నీ. బాత్రూమ్‌కి జానెడెత్తు గడప ఉంటుంది. ఓడ ఊగుతుంటే నువ్వు ఆ గడప దాటాలి. తుంటి మళ్ళీ విరిగితే?"

"దాటతాలేవే, పట్టుకుని."

"దాటొద్దు. అదే ఊరికి పెద్ద ఓడ కూడా వెళ్తోంది. ఇదిగో, నడిమధ్య గది, ఊపు తెలీదు. లిఫ్టుకి దగ్గర, కానీ చప్పుడు రాదు. వాకర్ పట్టే తలుపు. బాల్కనీ. గడప అన్నదే లేదు."

"మా చెల్లి చిన్నోడ అంది..."

"మీ చెల్లెలికి కావలసింది నువ్వా, ఓడా?"

పిన్ని నవ్వేసి ఒప్పుకుంది. ఓడ బయల్దేరేరోజు అత్త కూడా రేవుదాకా వెళ్ళి, బస్సులో తిరిగొస్తూ యథాప్రకారం వాంతి చేసుకుని, అయినా పెళ్ళి చేసి పంపినంత సంతోషంగా ఇల్లు చేరింది.

ఆ ఊరు ఇక మర్నాడనగా, మధ్యాహ్నం మేం క్యారియర్ విప్పుకుంటుంటే ఓడ మీంచి పిన్ని ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది అత్త.

"ఏమే, వీళ్ళేదో అంటున్నారు. రేపు ఓడ ఒడ్డుకి వెళ్ళదట. దూరంగా లంగరేస్తారట. అక్కణ్ణుంచి చిన్న పడవల్లో దిగి వెళ్ళాలట. వాకర్ ఉన్నవాళ్ళని పడవలోకి దించరట. నాకు సరిగ్గా అర్థం కాలేదేమో కనుక్కో."

అత్త చేతిలోని ముద్ద అలాగే ఉంది. ఎడమచేత్తో బ్రోషర్ లాగింది. గదుల పేజీ నలిగి నలిగి మెత్తబడింది. ప్రయాణం పేజీ కొత్తగా, మడత కూడా పడకుండా ఉంది. ఆ ఊరి పేరు పక్కన చిన్న లంగరు బొమ్మ ఉంది. పెద్ద ఓడకి ఆ రేవులో లోతు చాలదు, దూరంగానే ఆగుతుందని దాని అర్థం. అది అత్తకి తెలియని గుర్తేం కాదు, నాకు ఆ గుర్తు నేర్పిందే ఆవిడ. నేను చిన్న ఓడ బ్రోషర్ తీసి చూశాను. అదే ఊరి పేరు పక్కన ఏ బొమ్మా లేదు. చిన్నోడ తిన్నగా గట్టుకే వెళ్ళి ఆగుతుంది. ర్యాంపు వేస్తారు. వాకర్ తోసుకుంటూ దిగిపోవచ్చు.

అత్త రెండు పేజీలూ చూసింది.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ. అదీ... ఆ రేవులో లోతు లేదు. అక్కడ అంతే. ఏ ఓడైనా దూరంగానే ఆగుతుంది. ఎవరికైనా ఇంతే."

"ఏ ఓడైనానా?"

"ఏ ఓడైనా."

"సర్లే, మనమేం చేస్తాం. నువ్వేం బాధపడకు," అంది పిన్ని. ఆవిడే అత్తని ఓదార్చి ఫోన్ పెట్టేసింది.

నేను అత్తనే చూస్తున్నాను. "ఏంటే ఆ చూపు?" అని నామీద గయ్యిమంది. "నావల్లే అయిందని చెప్పి, నడిసముద్రంలో ఆవిణ్ణి ఏడిపించమంటావా? తిరిగొచ్చాక చెప్తాను." ముద్ద మాత్రం నోటికి వెళ్ళలేదు, క్యారియర్ మూసేసింది. ఆ పూటంతా ఓడ కంపెనీవాళ్ళకి ఫోన్లు చేస్తూనే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు దించలేరా అని బతిమాలింది. అలల్లో పడవ ఎగిరెగిరి పడుతుంది, మెట్టుమీద జారితే ప్రాణానికి ఎవరు పూచీ అన్నారు వాళ్ళు. తప్పు వాళ్ళది కాదు గనక తిట్టడానిక్కూడా సందు దొరకలేదు అత్తకి.

పిన్ని తిరిగొచ్చింది. అత్త ఆ పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా దుకాణంలో తిరుగుతోంది. చెప్పవలసిన మాటలు నాకు రెండుసార్లు వప్పజెప్పింది కూడా. అంతలో వాకర్ చప్పుడు, వెనకే పిన్ని నవ్వుమొహం.

"ఏం గదే తల్లీ! ఏం గది! బాత్రూమ్‌లోకి రోడ్డుమీద నడిచినట్టు నడిచి వెళ్ళాను. గడపే లేదు!" అంటూ సంచిలోంచి చిన్న చిన్న షాంపూ సీసాలు, గుండ్రటి సబ్బులు తీసి బల్లమీద పేర్చింది. "రోజూ కొత్తవి పెట్టేవాళ్ళే. నేను వాడకుండా దాచి నీకోసం తెచ్చాను. ఆ గది నీదేగా మరి."

అత్త ఆ సీసాల వంక చూస్తూ, "మీ చెల్లెల్ని చూశావా పిన్నీ?" అంది.

"చూడకేం! గట్టుమీద ఎర్రగొడుగేసుకుని నిలబడింది. మొగుడి దగ్గర పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి వచ్చిందట. నేను బాల్కనీలో. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకళ్ళనొకళ్ళు వెతుక్కున్నాం. నాకు గొడుగు కంటికి ఆనింది, అది ఆనలేదు. దానికి ఓడ ఆనింది, నేను ఆనలేదు. దుప్పటి ఊపవే అంటే ఊపాను. అన్ని బాల్కనీల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి ఊపుతూనే ఉన్నారాయె!" పిన్ని నవ్వుతూనే ఉంది. "సాయంత్రం దాకా నిలబడింది పిచ్చిది. వెళ్ళవే, ఎండగా ఉంది అంటే వినదే."

పిన్ని వెళ్ళాక ఆ సీసాలు సొరుగులో పెట్టి, సొరుగుకి తాళం వేసింది.

"చెప్పెయ్ అత్తా," అన్నాను.

"చెప్తానే. సంతోషంగా వచ్చింది పాపం, వచ్చిన పూటే చెడగొట్టడమెందుకు?"

ఆ పూట కాస్తా వారాలైంది. అత్త తిండి తగ్గింది. గోడమీంచి పెద్ద ఓడ ప్లాను తీసేసింది. ఆ మేర గోడ తెల్లగా ఉండిపోయి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. బట్టలుతికే ఆయన తొంగిచూసి, "ఏంటి ఓడలమ్మా, ఓడ మునిగిందా?" అన్నాడు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే అత్త తలుపు దగ్గరికి వేసింది. వాకర్ చప్పుడు వినిపిస్తే చాలు, వెనకగదిలో పనున్నట్టు లేచి వెళ్ళేది. మాకు వెనకగదే లేదు. తెరచాటున కుళాయి దగ్గర కుక్కిన పేనులా నిలబడేది. అబద్ధం పిన్ని కోసం ఆడానన్న మాట అబద్ధమని అత్తకి తెలుసు. ఓడ ఎంపికలో తప్పు చేసిందన్న మాట పడలేక ఆడింది. అది ఆవిడే ఒకరోజు తెరచాటునుంచి వచ్చి, నేనేమీ అడక్కుండానే చెప్పి, మొహం కడుక్కోవడానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

తర్వాత పిన్ని రాకపోకలు తగ్గాయి. వచ్చినా నవ్వు లేదు. ఒకరోజు అత్త తెరచాటుకి పోయేలోపే గుమ్మంలోకి వచ్చేసింది.

"కూర్చోవే, నీతో పనుంది," అంది. "మా చెల్లి నాతో మాట్లాడ్డం మానేసింది."

అత్త కూర్చుంది.

"ఫోన్ చేస్తే నా నంబరు చూసి ఎత్తడం లేదు. ఆఖరిసారి ఎత్తినప్పుడు ఏమందో తెలుసా? 'గడప లేని బాత్రూమ్ కోసం పెద్దోడ ఎక్కావు. చిన్నోడలో రమ్మన్నాను, రాలేదు. నీకు నీ సుఖం ముఖ్యం, నన్ను ఎండలో నిలబెట్టావు' అంది. ఏ ఓడైనా అక్కడ దూరంగానే ఆగుతుందటగదే, నేనేం చేసేది అన్నాను. దాంతో గొంతు చించుకుని అరిచింది. 'చిన్నోడ వారం వారం మా వీధి చివర్న గట్టుకే వచ్చి ఆగుతుంది. మా కిటికీలోంచి కనిపిస్తుంది. అబద్ధాలు చెప్పకు' అంది."

బట్టలుతికే షాపులోంచి ఇస్త్రీ ఆవిరి చప్పుడు వస్తోంది. పిన్ని ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"నాకు భయంగా ఉందే. అక్కడ ఏ ఓడా గట్టుకి రాదని నువ్వే చెప్పావు. ఓడల సంగతి నీకన్నా ఎవరికి తెలుస్తుంది? మరి దానికి కిటికీలో ఓడ కనిపించడమేంటి? మొగుడికి చాకిరీ చేసి చేసి దానికి మతి చలిస్తోందేమో. ఈ సాయంత్రం దాని కొడుక్కి ఫోన్ చేస్తున్నాను. మీ అమ్మకి లేని ఓడలు కనిపిస్తున్నాయి, తీసుకెళ్ళి మంచి డాక్టరుకి చూపించరా అని చెప్తాను. ముందు నిన్నోమాట అడుగుదామని వచ్చాను. అంతేగా? ఏ ఓడా రాదుగా?"

అత్త తల తిప్పి నావైపు చూసింది. నేను సాయం చేస్తానేమోనని చూసిందో, నేను లేకపోతే బాగుండుననుకుందో తెలీదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా అది అత్త చెప్పాల్సిన మాట.

"వస్తుంది పిన్నీ," అంది.

"ఏం వస్తుంది?"

"చిన్నోడ. గట్టుకే వస్తుంది. మీ చెల్లెలు చూసింది నిజమే. నేను గది చూశాను, రేవు చూడలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు తెలిసింది నాకు. తెలిసే అబద్ధం చెప్పాను. నా తప్పు బయటపడుతుందని చెప్పాను."

అంతా ఒక్క ఊపిరిలో అనేసి, బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను, అత్తకి అదే తేలికని. పిన్ని తిట్టలేదు. గుండెలమీద చెయ్యేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే దానికి మతి బాగానే ఉందన్నమాట," అంది. "అమ్మయ్య."

ఆ ఒక్క మాటకి అత్త ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ తిండి మానేసి, తెరచాటున దాక్కుని కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పిన్ని ఓదార్చలేదు. ఓడమీంచి ఫోన్ చేసిన రోజు ఓదార్చిన మనిషే, ఈసారి ఏడుపు అయ్యేదాకా ఊరికే కూర్చుంది.

అయ్యాక నన్ను పిలిచింది. "నా నంబరైతే అది ఎత్తదు. మీ షాపు ఫోన్ ఇలా జరుపు."

జరిపాను. అంకెలు చూడకుండానే నొక్కేసింది, అలవాటైన వేళ్ళు. రిసీవర్ చెవికి ఆనించి కాసేపు విని, నడుం నిటారుగా పెట్టింది. అవతల ఎవరో ఎత్తారు. పిన్ని తన గొంతు వినిపించనీకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, రిసీవర్‌ని అత్త ముందుకి చాపింది. మేం నవ్వుకోవడానికి అలవాటుపడ్డ ఆ ఎక్స్ఛేంజి గొంతుతోనే అంది. ఈసారి అందులో నవ్వు లేదు.

"లైన్లో ఉన్నారు. మాట్లాడండి."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని రిసీవర్ అందుకుంది. "ఎవరూ?" అన్న ముసలి గొంతు నాక్కూడా వినిపించింది.

"నేనండీ," అంది అత్త. "మీ అక్కగారికి గది ఇప్పించినదాన్ని."